తడిగుడ్డ వైద్యం

మే నెల. మిట్టమధ్యాహ్నం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో, సిరివెళ్ల మెట్ట దాటాక ఓ వేపచెట్టు కింద తెల్ల అంబాసిడర్ ఆగి ఉంది. బానెట్ పైకి లేచి ఉంది. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు కొంగులతో విసురుకుంటున్నారు. డ్రైవరు భుజం మీది తువ్వాలు తీసి, నీళ్ల సీసా వంచి తడిపి, పెట్రోలు పంపు చుట్టూ చుట్టాడు. జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటి మీద పట్టు వేస్తారే... అచ్చం అలాగే. అరగంట గడిచింది. తాళం తిప్పాడు. బండి బుర్రుమంది. అందరూ ‘హమ్మయ్య’ అనుకున్నారు.

ఇది 1994 నాటి మాట. ఇప్పుడు 40వ నంబరు జాతీయ రహదారి అంటున్న ఆ రోడ్డుకి అప్పట్లో 18వ నంబరు. వేసవిలో ఆ దారిన బస్సులో పోయినవాళ్లు ఇలాంటి దృశ్యం కిటికీలోంచి ఒక్కసారైనా చూసే ఉంటారు.

పెట్రోలు అంబాసిడరో, ఫియట్టో ఉన్న ప్రతి ఇంట్లో ఈ తడిగుడ్డ వైద్యం తెలిసిందే. ఎండకూ ఇంజన్ వేడికీ పైపులో పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. పంపు పెట్రోలును తోడగలదు గానీ ఆవిరిని తోడలేదు. కార్బరేటర్ నోరు ఎండిపోతుంది, బండి ఆగుతుంది. దీన్నే వేపర్ లాక్ అంటారు. తడిగుడ్డ వేస్తే పంపు చల్లబడి ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఎండాకాలం 43 డిగ్రీలు చూసే నంద్యాలలో అసలే లేదు. ఆ తెల్ల అంబాసిడర్ విషయంలో మాత్రం అది అబద్ధం! ఆ సంగతి తేలేలోపు ఓ మనిషి పరువు పోయింది.

బండి ఓ బియ్యం షావుకారుది. కేసీ కాలువ కింద పండే సోనా మసూరి వడ్లు కొని, మరపట్టించి అమ్మే వ్యాపారం. 1985 మోడల్ మార్క్ ఫోర్. కొన్న రోజు నుంచీ తొమ్మిదేళ్లుగా ఒక్కడే డ్రైవరు. పిల్లల్ని బడిలో దింపింది అతనే, మహానందికి తీసుకెళ్లి కోనేట్లో స్నానాలు చేయించింది అతనే. 1991 నవంబరులో పి.వి.నరసింహారావు ప్రధానమంత్రి హోదాలో నంద్యాల ఉప ఎన్నికకు నిలబడి 5 లక్షల 80 వేల పైచిలుకు ఓట్ల ఆధిక్యంతో గెలిచారు కదా. ఆ రోజుల్లో ఊళ్లో అద్దెకు అంబాసిడర్ దొరికితే ఒట్టు. షావుకారు బండి కూడా పది రోజులు ఆ పనిమీదే తిరిగింది. ఒక్కరోజు కూడా మొరాయించలేదు.

డ్రైవరుకి ఓ అలవాటుండేది. రాత్రిపూట బండి వాకిట్లో పెట్టగానే బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలున్న రోటర్ అనే చిన్న ముక్కను ఊడబీకి జేబులో వేసుకునేవాడు. అది లేకపోతే దొంగ తాళం పెట్టి తిప్పినా బండి కదలదు. ఇది అతను కనిపెట్టిందేం కాదు. 1940లో జర్మన్ సైన్యం వచ్చి పడుతుందన్న భయంతో బ్రిటన్‌లో కార్లు ఆపిన ప్రతివాళ్లూ వాటిని కదలకుండా చేసి పోవాలని ఉత్తర్వులిచ్చారు. అక్కడివాళ్లు చేసిందీ ఇదే... రోటర్ తీసి జేబులో వేసుకోవడం. మన డ్రైవరు చొక్కా జేబుకు మాత్రం బొగ్గు మరక ఎప్పుడూ ఉండేది. వాళ్లావిడ ఉతికి ఉతికి విసిగిపోయేది.

ఆ ఏడాది ఉగాది వెళ్లినప్పటి నుంచి బండికి జబ్బు పట్టుకుంది. పొద్దున ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. ముప్పావుగంట హాయిగా పోతుంది. తర్వాత దడదడ కొట్టుకుని ఆగిపోతుంది. తడిగుడ్డ వేసి అరగంట ఆగితే మళ్లీ మామూలే. షెడ్డుకి తీసుకెళితే కార్బరేటర్ విప్పి కడిగారు. పంపు డయాఫ్రం మార్చారు. పెట్రోలు పైపుకి ఆస్‌బెస్టాస్ తాడు చుట్టారు. ట్యాంకు దించి తుప్పు కడిగారు. ఎక్కడికక్కడ బిల్లు. ఏది చేసినా రెండు రోజులు బాగున్నట్టే ఉండి, దూరం పోగానే మళ్లీ ఆగేది. షెడ్డులో మాత్రం ఒక్కసారీ ఆగలేదు. అక్కడ బండిని ముప్పావుగంట ఎవరు నడుపుతారు? డాక్టరు దగ్గరకెళ్లగానే తగ్గిపోయే పిల్లల కడుపునొప్పి లాంటిదన్నమాట!

పెట్రోలు ఖర్చు కూడా పెరిగింది. అదే కొంప ముంచింది. కొట్లో గుమాస్తా ఓ రోజు షావుకారు చెవిలో వేశాడు. “పెట్రోలు తీసి అమ్ముకుని, నీలం కిరసనాయిలు పోస్తున్నాడేమో...” అప్పట్లో రేషను కిరసనాయిలు కల్తీ గురించి వినని వాళ్లు లేరు. షావుకారు ఆ మాట పట్టించుకోనట్టే కనిపించాడు. కానీ విత్తనం పడింది.

జూన్ మొదటి వారంలో పెద్దమ్మాయికి సంబంధం కుదిరింది. పిల్లాడి వాళ్లది ప్రొద్దుటూరు. ఇరువైపుల వాళ్లకీ నరసింహస్వామి ఇలవేల్పు కావడంతో దిగువ అహోబిలంలో తాంబూలాలు మార్చుకోవాలనుకున్నారు. తెల్లారేసరికి బయల్దేరాల్సిన వాళ్లు చుట్టాల కోసం ఆగి, ఎండ ముదిరాక బయల్దేరారు. ఆళ్లగడ్డ ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉందనగా బండి ఆగింది. తడిగుడ్డ. అరగంట. మళ్లీ కదిలి, ఆళ్లగడ్డ దాటి అహోబిలం దారి పట్టాక మళ్లీ ఆగింది. చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. పెళ్లివారు మంచివాళ్లు కాబట్టి ‘పర్లేదులే’ అన్నారు. ఆ ‘పర్లేదు’ షావుకారుకి ముల్లులా గుచ్చుకుంది. అందరి ముందూ డ్రైవరు వంక తిరిగి అనేశాడు.

“పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు పోస్తే బండి యాడ నడుస్తాదప్పా?”

డ్రైవరు ఏమీ అనలేదు. రాత్రికి అందరినీ భద్రంగా ఇంటికి చేర్చాడు. బండి తుడిచాడు. బానెట్ ఎత్తి రోటర్ తీశాడు. తాళం చెవి, రోటర్... రెండూ అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ పక్క రోజూ రాలేదు. వాటిని అరుగు మీంచి తీసింది షావుకారు భార్య. నల్లటి ఆ ముక్క ఏమిటో ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో ఓ రాత్రి ఉండిపోయింది అది.

కొత్త డ్రైవరు వచ్చాడు. కుర్రాడు. పెట్రోలు పోయించేటప్పుడు షావుకారే స్వయంగా పక్కన నిలబడేవాడు. అయినా బండి ఆగడం ఆగలేదు. ఓ రోజు వడ్ల బేరం మీద పోతూ సరిగ్గా ఆళ్లగడ్డ ఊళ్లోకి వచ్చాక ఆగింది. నలుగురు కలిసి తోసుకుంటూ రోడ్డు వారనున్న ఓ పాత షెడ్డులోకి చేర్చారు. చుట్టుపక్కలంతా ఉలి చప్పుళ్లు. ఆళ్లగడ్డ శిల్పుల పనితనం తెలియనిదెవరికి? ఓ పక్క రాతిలోంచి నంది బయటికొస్తోంది, మరో పక్క ఎవరిదో నాయకుడి విగ్రహం సగం చెక్కి ఉంది. ఆ మోతలోనే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు ముసలి మేస్త్రీ.

కుర్ర డ్రైవరు అలవాటుగా గుడ్డ తడపబోయాడు. మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు.

“గుడ్డ పక్కన పెట్టబ్బీ. చచ్చినప్పుడే చూడాల. లేచినాక చూస్తే ఏం తెలుస్తాది?”

ఆ తర్వాత అడిగిన ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగనిది. “ఆగే ముందు ఎట్ల ఆగింది?”

కుర్రాడు తడబడి చెప్పాడు. మొదట దడదడ కొట్టింది. సైలెన్సర్లో రెండుసార్లు ‘ఢాం’ అని పేలింది. ఆగిపోయింది.

మేస్త్రీ తలూపాడు. పెట్రోలు అందకపోతే పొయ్యి నూనె అయిపోయినట్టు దీనంగా ఆగుతుంది. సైలెన్సర్లో పేలిందంటే పెట్రోలు వచ్చింది, లోపల కాలలేదు, బయటికి పోయి కాలింది. అంటే లోపమున్నది నిప్పులో. షావుకారు అప్పుడు కిరసనాయిలు సంగతి ఎత్తాడు. మేస్త్రీ నవ్వేశాడు.

“కిరసనాయిలు కలిసుంటే పొద్దున సల్లగున్నప్పుడే సతాయించాల కదా షావుకారూ? పొద్దున ఎట్ల లేస్తాది?”

“ఒక్క సెల్ఫుకే...” అన్నాడు షావుకారు. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఆయన ముఖం మారింది. కిరసనాయిలు పెట్రోలులా తేలిగ్గా ఆవిరి కాదు. కల్తీ బండి చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తుంది, వేడెక్కాక కొంత నయం. ఈ బండిది సరిగ్గా తిరకాసు. మూడు నెలలుగా రోజూ పొద్దున్నే ఆ సాక్ష్యం వాకిట్లోనే ఉంది. ఎవరూ చూడలేదు.

మేస్త్రీ ఓ చెంబెడు నీళ్లు తెప్పించి పంపు మీద గుమ్మరించాడు. “ఇప్పుడు కొట్టు సెల్ఫు.” లేవలేదు. డిస్ట్రిబ్యూటర్ మూత నడినెత్తిన ఉండే లావు వైరు పీకి, ఇంజన్ ఇనుముకి వేలెడు దూరంలో పట్టుకున్నాడు. “మళ్లీ కొట్టు.” మంచి బండిలో అక్కడ ‘చటక్’మని నీలం నిప్పు దూకాలి. దీంట్లో ఎర్రగా, పలచగా ఓ రవ్వ మెరిసి చచ్చిపోయింది.

మూత తీశాడు. ఈ డబ్బా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. బ్యాటరీలో ఉండేది 12 వోల్టులే. ప్లగ్గు దగ్గర నిప్పు దూకాలంటే కొన్ని వేల వోల్టులు కావాలి. అందుకే కాయిల్. దాంట్లో పారుతున్న కరెంటును టక్కున తెంచితే, ఆ ఊపుకి పక్క చుట్టలో వేల వోల్టులు పుడతాయి. తెంచే పని డిస్ట్రిబ్యూటర్లోని పాయింట్లది. మెకానిక్కులు ‘ప్లాటినం’ అంటారు. మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండే రెండు చిన్న బొడిపెలు. వాటి మధ్య సందు మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. అలా పుట్టిన కరెంటును పైన తిరిగే రోటర్ అందుకుని ఒకటి, మూడు, నాలుగు, రెండు... ఈ వరసలో నాలుగు ప్లగ్గులకూ పంచుతుంది. బంతి భోజనాల్లో వడ్డించినట్టు! ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఈ పంపకం సెకనుకి వందసార్లు జరగాలి. ఒక్క విస్తరి తప్పినా ‘మిస్సింగ్’. వందేళ్ల కిందట అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు రూపం ఇచ్చిన పద్ధతే సిరివెళ్ల మెట్ట దాకా వచ్చింది.

పాయింట్ల పక్కనే బొటనవేలంత రేకు గొట్టం ఒకటుంటుంది. కండెన్సర్. దాంట్లో ఏముందని విప్పి చూస్తే పొగాకు చుట్టే! పలచటి లోహపు రేకులు రెండు, మధ్యలో కాగితం పెట్టి చుట్టచుట్టి ఉంటాయి. పాయింట్లు తెరుచుకున్న క్షణంలో కరెంటు ఊరుకోదు, ఆ సందులోంచి దూకాలని చూస్తుంది. కాలువ తూము దించుతుంటే నీళ్లు అడుగునుంచి ఎగజిమ్మినట్టు. కండెన్సర్ ఆ క్షణానికి దాన్ని తనలోకి తీసుకుంటుంది. అది లేకపోతే పాయింట్ల దగ్గరే మంట లేస్తుంది, అవి కాలిపోతాయి. కరెంటు టక్కున తెగదు. కాయిల్లో ఊపు పుట్టదు.

మేస్త్రీ తాళం వేయించి, స్క్రూడ్రైవరు మొనతో పాయింట్లను తెరిచి మూశాడు. తెరిచినప్పుడల్లా వాటి మధ్య చిటపటమని లావాటి నిప్పు. “సూడు, నిప్పు యాడుండాల్నో ఆడ లేదు, ఉండకూడని కాడ ఉండాది.” మూల డబ్బాలోంచి ఏదో పాత బండి కండెన్సర్ వెతికి తెచ్చాడు. లోపలి దాని తీగ విడదీసి, దీన్ని బయటే వేలాడదీసి, వైరుతో కాయిల్‌కి తగిలించి, గొట్టాన్ని బాడీకి నొక్కి పట్టుకున్నాడు. లోపల వేడి అలాగే ఉంది. పాయింట్లూ అవే. అరగంట ఆగలేదు. తడిగుడ్డ లేదు.

ఒక్క సెల్ఫు. బండి లేచింది.

ఆ గొట్టంలోపల ఎక్కడో అతుకు వదులైంది. చల్లగా ఉంటే అంటుకుని ఉంటుంది, వేడికి వ్యాకోచించి విడిపోతుంది. అరగంట ఆగితే మళ్లీ అంటుకుంటుంది. బండిని బాగుచేసింది గుడ్డ కాదు, ఆ అరగంట. గుడ్డ వేయకపోయినా బండి లేచేదే. కానీ గుడ్డ వేయకుండా ఊరికే కూర్చుని చూసిన వాళ్లెవరు? సరిగ్గా కాలని పెట్రోలు సైలెన్సర్ పాలవుతుండటంతో ఖర్చు కూడా పెరిగింది. గుమాస్తా చూసిన ‘దొంగతనం’ అదే.

నిజానికి ఈ డబ్బా చేసే అల్లరి ఇదొక్కటే కాదు. వానాకాలం నల్లమల ఘాట్ ఎక్కి గిద్దలూరు వైపు పోయేటప్పుడు మూతలో చెమ్మ చేరితే, వడ్డించాల్సిన కరెంటు పక్క విస్తట్లోకి జారుతుంది. విప్పి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఒక్కోసారి మూత లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత కనిపిస్తుంది. అది మురికి కాదు, పగులు వెంట కరెంటు కాల్చిన బాట. ఎంత తుడిచినా మళ్లీ వస్తుంది, మూత మార్చాల్సిందే. మూత నడుమ బొగ్గు బొడిపె అరిగినా, రోటర్ చిట్లినా ఇదే గోల. పాయింట్లకు ఎమెరీ కాగితం పట్టి, ఆ ధూళి తుడవకుండా మూసేసి ‘పట్టించినాకే చెడిపోయింది’ అని తిట్టుకునే వాళ్లకూ లోటు లేదు. వీటిల్లో ఏదైనా కంటికి కనిపిస్తుంది. కండెన్సర్ ఒక్కటే ముఖం మీద ఏమీ కనపడనివ్వదు.

ఇప్పటి పెట్రోలు కార్లలో ఈ డబ్బా లేదు. ప్లగ్గు నెత్తినే చిన్న కాయిల్, ఎప్పుడు వెలగాలో చెప్పడానికి కంప్యూటర్. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ కూడా ఆగిపోయింది. 2022లో జిల్లా కేంద్రమైన నంద్యాలలో ఇప్పుడు పాయింట్ల సందు సరిచేయమంటే, ఫీలర్ గేజ్ కోసం షెడ్డంతా వెతుక్కోవాలి.

మళ్లీ ఆ రోజుకి వస్తే... మేస్త్రీ కొత్త కండెన్సర్, పాయింట్లు తెప్పించి బిగించాడు. సామాను ఖరీదు షావుకారు జేబులోని చిల్లర నోట్లతోనే సరిపోయింది. పాతదాన్ని చెత్తలోకి విసరబోతుంటే షావుకారు చెయ్యి చాపాడు. “అది నాకియ్యప్పా.”

నంద్యాలకు వచ్చి నేరుగా ఇంటికి పోలేదు. డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి ఇల్లు వెతుక్కోవాల్సి రావడం ఆయనకే సిగ్గనిపించింది. డ్రైవరు లేడు. అతని భార్య మంచం వాల్చి, మంచినీళ్లిచ్చి లోపలికెళ్లిపోయింది. గంట సేపు కూర్చున్నాడు. డ్రైవరు వచ్చాక ఆయన నోట మాట రాలేదు. జేబులోంచి కండెన్సర్ తీసి అతని అరచేతిలో పెట్టాడు.

“ఇదంట.”

డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. “సైలెన్సర్లో పేలుతాంటే నాకూ అనుమానం రావల్సింది షావుకారూ. గుడ్డేస్తే లేస్తాండ్య కదా... నేనూ పెట్రోలే అనుకుంటి” అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, “అడిగింటే చెప్పేవాణ్ణి” అన్నాడు.

“తప్పయిపాయ” అన్నాడు షావుకారు. రేపట్నుంచి రమ్మన్నాడు. డ్రైవరు రాలేనన్నాడు. కోపంతో కాదు. అప్పటికే ఓ జీపు నడపడానికి ఒప్పుకున్నాడు, మాటిచ్చాడు. షావుకారు ఇంకేం బలవంతం చేయలేదు.

శ్రావణమాసంలో పెద్దమ్మాయి పెళ్లి. పిలవగానే డ్రైవరు రెండు రోజులు జీపుకి సెలవు చెప్పి వచ్చాడు. పెళ్లికూతురిని ఆ అంబాసిడర్లోనే, దారిలో ఎక్కడా ఆగకుండా, అహోబిలం తీసుకెళ్లి తెచ్చాడు. రాత్రి బండి వాకిట్లో పెట్టి, బానెట్ ఎత్తి రోటర్ తీశాడు. అలవాటు కొద్దీ జేబు దాకా పోయిన చెయ్యి ఆగింది. అరుగు మీద కూర్చున్న షావుకారు భార్యకి ఇవ్వబోయాడు.

ఆమె తాంబూలం పళ్లెం సర్దుకుంటూ తలెత్తింది. “నాకెందుకు నాయనా, పొద్దున పిల్లను అత్తారింటికి దింపొచ్చేది నువ్వే కదా. నీ కాడే ఉండనీ” అంది.

అతను దాన్ని కొత్త చొక్కా జేబులో వేసుకుని భోజనాల పందిరి వైపు నడిచాడు.